ఎనభై ఏడో పేజీ

నిశ్చయంగా తెలిసినవాటినీ వినికిడి మాటలనూ మొదటే వేరు చేసి పెడతాను. అలా చేయకపోతే ఇది రాసే అర్హత నాకు ఉండదు.

మా అక్క స్వరూప గర్భసంచి ఆపరేషన్ జరిగిన మర్నాడు చనిపోయింది. ఆమెకు రెండు సంచుల రక్తం ఎక్కించారు. వాటిలో ఒకటి నాది. నేను రక్తమిచ్చినట్టు చూపే కాగితం ఒక్కటీ ఆ తర్వాత చాలాకాలం దొరకలేదు. నాలుగు నెలలకు ఒక ఇంటి అరుగు మీద, పట్టపగలు, గాజుపలకల మీద జరిగినదాన్ని నేను కళ్ళారా చూశాను, ఫొటోలు తీశాను, నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఇవి నిశ్చయం.

వినికిడివి కొన్ని ఉన్నాయి. అవి వచ్చినచోట వినికిడి అనే చెబుతాను. వాటికి నేను పూచీ పడను.

నేను హుజూరాబాద్‌లో ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. దయ్యాలను నమ్మకపోవడంతో ఆగిన మనిషిని కాను. ఫలానా ఊళ్ళో ఇంటి మీద రాళ్ళు పడుతున్నాయనో, దండెం మీది బట్టలు వాటంతటవే అంటుకుంటున్నాయనో వింటే, సెలవు రోజు చూసుకుని వెళ్ళి పరిశీలించి వచ్చేవాణ్ణి. వెళ్ళిన ప్రతిచోటా రాయి వెనుక ఒక మనిషి, మంట వెనుక భాస్వరం దొరికాయి. అక్క నన్ను ఆటపట్టించేది. "దయ్యాలే నిన్ను జూసి ఉరుకుతున్నయట తమ్మీ. జర వాటిని గూడ బతుకనియ్యి."

అక్క నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. నస్పూర్‌లో ఉండేది. బావ రాజేశం పదిహేనేళ్ళుగా మస్కట్‌లో పని చేస్తున్నాడు. ఆపరేషన్ కోసమే సెలవు పెట్టి వచ్చాడు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు శ్రావణి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది.

ఆపరేషన్ జరిగింది బొగ్గు గనుల పక్కనున్న ఒక పట్టణంలో, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. ఫిర్యాదు ఇంకా విచారణలో ఉంది కాబట్టి పేర్లు రాయను. రెండు సంచుల రక్తం సిద్ధం చేసుకోమని డాక్టరు చెబితే, రెండు రోజుల ముందు నేనూ, బావ తమ్ముడు తిరుపతీ అదే వీధిలో ఉన్న రక్తనిధికి వెళ్ళాం. అక్కడి టెక్నీషియన్ సదానందం నా ముందే నా వేలికి సూది గుచ్చి చూశాడు. ఓ పాజిటివ్. అక్కదీ అదే. మధ్యాహ్నం హుజూరాబాద్‌లో నాకు పరీక్షల డ్యూటీ ఉంది. రక్తమిచ్చి, సదానందం చూపిన చోట్ల సంతకాలు పెట్టి, వాళ్ళిచ్చిన రస్నా తాగి బయలుదేరాను. తిరుపతి అక్కడి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మొదటి సంచి థియేటర్‌లోనే ఎక్కించారు. ఏ ఇబ్బందీ రాలేదు. మధ్యాహ్నం వార్డులో రెండో సంచి పెట్టారు. అది సగం కాకముందే వణుకు, నడుము నొప్పి మొదలయ్యాయి. మూత్రం ఎర్రగా వచ్చింది. అంబులెన్సులో కరీంనగర్ తరలించారు. నేను చేరేసరికి అక్కకు స్పృహ లేదు. కిడ్నీలు పనిచేయడం మానేశాయి. మర్నాడు సాయంత్రం పోయింది.

వణుకు, నడుము నొప్పి, ఎర్రటి మూత్రం. ఈ మూడూ కలిసి వస్తే అర్థమేమిటో నేను ఏటా పాఠంగా చెబుతాను. గ్రూపు కలవని రక్తం ఎక్కింది. ఆసుపత్రి ఇచ్చిన కాగితంలో మాత్రం 'దాత రక్తంలోని దోషం' అని రాశారు. దాత అన్న చోట 'రోగి తమ్ముడు' అని ఉంది. రెండు సంచులకూ అదే.

ఒక మనిషి ఒకసారికి ఒక సంచే ఇస్తాడు. నేనూ ఒకటే ఇచ్చాను. మరి రెండోది ఎవరిది? తిరుపతిని అడిగాను. తనకు బీపీ ఎక్కువుందని వెనక్కి పంపారన్నాడు. నెల తిరగకుండానే వీసా వచ్చి, అన్న పనిచేసిన మస్కట్‌కే వెళ్ళిపోయాడు.

అంతకుముందే, పదకొండో రోజు కర్మలు ముగిశాక, భోజనాలకు కూర్చున్న చుట్టాల ముందు శ్రావణి నన్ను అడిగింది. "నీ రక్తంతోనే మా అమ్మ పాయెనట గద మామా?" బావ తల వంచుకున్నాడే గాని కాదనలేదు. ఆ పిల్ల ఆ తర్వాత నా ఫోను ఎత్తలేదు. అక్క కూలికి పోయి నన్ను చదివించింది. ఆమె కూతురి దృష్టిలో నేను ఆమెను చంపినవాణ్ణి.

ఆ మాట అబద్ధమని తేల్చడమే అప్పటినుంచి నా పని. తేల్చడంతో సరిపెట్టుకునే ఉద్దేశం కూడా నాకు లేదు. ఎవరి వల్ల జరిగిందో వాళ్ళు జైలు ఊచలు లెక్కపెట్టాలి, అది నేను చూడాలి. ఇది దాచుకోవలసిన కోరిక అని అప్పుడు అనిపించలేదు, ఇప్పుడూ అనిపించడం లేదు.

రక్తనిధిలో గుమాస్తాగా ఉన్నామె పేరు జమున. నా దాత ఫారం అడిగితే, దాతల పేరు మీద అక్కడ ఫారాలు ఉంచరని చెప్పింది. "రక్తం ఎవరి కోసం ఇస్తే వాళ్ళ పేరు మీదనే కట్ట కడతం సార్. ఇచ్చేటోళ్ళంత చుట్టాలే గదా. గిట్లయితే జల్ది దొరుకుతది."

అంటే నా వయసు, బరువు, జబ్బుల వివరాలు, నా రక్తానికి చేసిన పరీక్షల ఫలితాలు, అన్నీ అక్క పేరున్న కట్టలో ఉండాలి. అక్క కట్ట దొరికింది. గోధుమరంగు కవరు, పైన పేరు, చుట్టూ దారం. లోపల ఒక్క కాగితమూ లేదు.

దాతల రిజిస్టరు తెరిపించాను. పేజీల సంఖ్యలు అచ్చులోనే ఉన్నాయి. ఎనభై ఆరు తర్వాత ఎనభై తొమ్మిది. మధ్యలో ఒక ఆకు లేదు. భూతద్దం పెట్టి చూస్తే కుట్టు పక్కన అంచు నున్నగా ఉంది. అది చింపింది కాదు, బ్లేడుతో కోసింది. జమున అటూ ఇటూ చూసి, "గట్ల అద్దం పెట్టి జూడకుండ్రి సార్, నా నౌకరి పోతది" అంది.

ఆసుపత్రిలో కేస్ షీట్ అడిగితే, గది మార్చినప్పుడు ఎటో పోయిందన్నారు. ఔషధ నియంత్రణ అధికారికి మూడు ఉత్తరాలు పెట్టాను. మూడు రసీదులు వచ్చాయి. నా శరీరంలోంచి పోయిన రక్తానికి, ఆసుపత్రి రాసిన ఆ ఒక్క మాట తప్ప, లోకంలో ఎక్కడా రాతపూర్వకమైన ఆధారం లేకుండా పోయింది. మోచేతి మడతలో సూది గుర్తు కూడా అప్పటికి మానిపోయింది.

నాలుగోసారి వెళ్ళినప్పుడు సదానందం ఏడని అడిగాను. జమున గొంతు తగ్గించింది. ఇక్కడి నుంచి వినికిడి.

"ఆయన మానేసిండు సార్. చేతికేమైందో ఏమో, ఏ రక్తం జూసినా బి పాజిటివే వస్తుండె. ఒక్కరోజు పదకొండు మందికి జూసిండు, పదకొండు మందీ బి. మందుల సీసాలు మార్చిండ్రు. ఫ్రిజ్ మార్చిండ్రు. ఆఖరికి ఆయన్నే మార్చిండ్రు."

ఎప్పటినుంచి అని అడిగాను. మా అక్క దినాల నాటినుంచి అని చెప్పింది. సుల్తానాబాద్‌లో ఇంకో ల్యాబులో చేరితే అక్కడా వారం రోజులు ఉంచుకోలేదట.

నాకు ఆశ్చర్యం కలగలేదు. తప్పు చేసినవాడికి భయముంటుంది, భయపడ్డవాడి చెయ్యి తడబడుతుంది, లేదా విచారణ తప్పించుకోవడానికి పిచ్చివాడిలా నటిస్తున్నాడు. నటనైతే అతని ఇంట్లో, అతని భార్య ముందే బయటపెట్టాలనుకున్నాను. మా కళాశాల ప్రయోగశాలలోంచి మూడు చిన్న సీసాలు తీసుకున్నాను. ఎ గ్రూపును పట్టే నీలం మందు, బి గ్రూపును పట్టే పసుపు మందు, పాజిటివా నెగటివా చెప్పే రంగులేని మందు. మందు తనకు చెందిన రక్తం తగిలితే గడ్డలు కట్టిస్తుంది, లేకపోతే రక్తం నున్నగానే ఉంటుంది. పరీక్ష అంతే. మంచుగడ్డల డబ్బాలో సీసాలు పెట్టుకుని, గాజుపలకలు, కొత్త సూదులు, పుల్లలు, గ్లవుజులు సంచిలో వేసుకుని బయలుదేరాను.

సదానందం ఊరు సుల్తానాబాద్‌కు దగ్గరే. కోతల కాలం. ఇంటి ముందు రోడ్డు మీద ఆరబోసిన వడ్లను కాలితో తిరగేస్తూ కనిపించాడు. నన్ను చూసి ఆగిపోయాడు.

"వచ్చిండ్రా సార్. ఇంకింత ముందే వస్తరనుకున్న."

అతని భార్య విజయ కుర్చీ వేసి నీళ్ళిచ్చింది. నేనెవరో ఆమెకు చెప్పనక్కర లేకపోయింది.

అరుగు మీద చిన్న బల్ల వేయించాను. ఇప్పుడు రాస్తున్నది ఆ రోజు నోటుపుస్తకంలో ఉన్నదే.

నా వేలికి నేనే సూది గుచ్చుకుని, రెండు పలకల మీద మూడేసి చుక్కలు పెట్టాను. మందులు కూడా నేనే వేశాను. మొదటి పలకను నేను కలిపాను. నీలం నున్నగా ఉంది, పసుపు నున్నగా ఉంది, రంగులేని చుక్క మాత్రం గడ్డ కట్టింది. ఓ పాజిటివ్. అంటే మందులు సరిగానే ఉన్నాయి. రెండో పలకను సదానందం కలిపాడు. కొత్త గ్లవుజు, కొత్త పుల్ల, రెండూ నేనిచ్చినవే. పసుపు చుక్క అరనిమిషంలో పాలు విరిగినట్టు విరిగింది. బి పాజిటివ్. రక్తం నాదే, మందు నాదే.

విజయ రక్తం తీసుకున్నాను. నా చేతిలో ఎ పాజిటివ్ వచ్చింది. అదే రక్తం అతను కలిపినప్పుడు, కట్టాల్సిన నీలం చుక్క కట్టలేదు. కట్టకూడని పసుపు చుక్క కట్టింది.

మూడోది చెబుతాను. మళ్ళీ నా రక్తంతో కొత్త పలక వేసి, నేనే కలిపి, చదివి, ఓ అని రాసుకున్నాక, తడి ఆరకముందే దాన్ని అతని ముందుకు జరిపాను. పుల్ల ఇవ్వలేదు. అతను పలకను రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ వంచాడు. నేను భూతద్దంలోంచి చూస్తూ ఉండగా, అప్పటిదాకా నున్నగా ఉన్న పసుపు చుక్కలో ఇసుక రేణువుల్లాంటివి తేలి, ఒకదాన్నొకటి పట్టుకుని, ముద్దలయ్యాయి.

చుక్క ఆరిపోతే అంచుల్లో గడ్డల్లాగా కనిపిస్తుంది, నిజమే. అలాగైతే నీలం చుక్క కూడా ఆరాలి. చేతికి ఏదైనా పూసుకున్నాడా అంటే గ్లవుజు ఉంది. కళ్ళు మోసం చేశాయా అంటే ఫొటోలు ఉన్నాయి. ఆ ఫొటోలు చూపిస్తే మా కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పే మిత్రుడు, పలకలు మారిపోయి ఉంటాయన్నాడు. మారలేదని నాకు తెలుసు. నిరూపించలేను.

శాస్త్రం కోసమైతే అక్కడ ఆపాలి. నేను ఆపలేదు. ఇంకో తొమ్మిది పలకలు చేయించాను. ప్రతి పలకకూ సదానందం ముఖం పాలిపోతుంటే నాకు లోపల చల్లగా ఉంది. ఇతనికి ఇరవై ఏళ్ళ విద్య. ఇక ఈ జన్మలో అక్కరకు రాదు. ఆ సంగతి అతని చేతనే మళ్ళీ మళ్ళీ చదివించాను. "ఏమొచ్చింది, చెప్పు" అనేవాణ్ణి. "బి సార్" అనేవాడు.

విజయ చేతులు జోడించింది. "ఇగ ఇడువుండ్రి సార్. మనిషి ఇప్పటికే సగమైండు."

నేను ఇంకో సూది విప్పాను.

అప్పుడు సదానందం లేచి లోపలికి పోయి, పాలిథిన్ కవరులో చుట్టిన ఒక ఆకు తెచ్చి నా ముందు పెట్టాడు. ఎనభై ఏడో పేజీ. కోసి కాల్చెయ్యమని రక్తనిధి యజమాని చెప్పాడట. రేపు నేరమంతా తన మీదికే నెడతారని అనుమానించి దాచుకున్నాడట.

"గల్ఫ్ పోయేటోళ్ళు తమ పేరు మీద రక్తమియ్యరు సార్" అన్నాడు. "రక్తంల ఏదన్న తేలితే మెడికల్ల అన్‌ఫిట్ కొడతరని వాళ్ళ భయం. పేరు రాయకే అన్నా అని కాళ్ళు పట్టుకుంటరు. గందుకే ఎంబడొచ్చిన చుట్టం పేరు మీద ఇంకో ఫారం నింపుతం. తారీకు ఎయ్యం. ఒక మనిషి మూడు నెలలకోసారే ఇయ్యాలె గదా, గందుకే మూడు నెలలైనంక తారీకు ఏసి రిజిస్టర్ల రాస్తం. అందరికీ గట్లనే చేసినం. తిరుపతికి గూడ గట్లనే."

"ఆ రెండో సంచి గ్రూపు చూసినవా?"

"పేరొక్కటే గదా అని మొదటి దాని గ్రూపే రాసిన."

"అక్క రక్తంతోని కలిపి చూసినవా?"

"రెండు దినాలకు ఫ్రిజ్‌లకెల్లి తీసినప్పుడు సంచి మీద మీ పేరే ఉన్నది సార్. సొంత తమ్ముని రక్తమే గదా, ఇంక జూసుడెందుకు అనుకున్న. నేనే రాసిన అబద్ధం నేనే మర్చిపోయిన."

ఆ పేజీకి రెండు ఫారాలు పిన్ను చేసి ఉన్నాయి. మొదటిది నాది. రెండోదీ నా పేరు మీదే ఉంది, తేదీ గడి ఖాళీగా ఉంది. కింద సంతకం ఉంది. ఎవరైనా నకలు చేశారేమోనని భూతద్దం పెట్టి చూశాను. నకలు కాదు. నా పేరులోని చివరి అక్షరం కింద నేను లాగే గీత, కలం ఒత్తిడి, అన్నీ నావే. అప్పుడు గుర్తొచ్చింది. "ఒకటి మాకు, ఒకటి ఆసుపత్రికి సార్" అన్నాడు ఆ రోజు సదానందం. నేను గడియారం చూసుకుంటూ రెండింటి మీదా సంతకం పెట్టాను. చదవలేదు.

మందులూ పలకలూ సర్దుకుని నేరుగా నస్పూర్ వెళ్ళాను.

అక్క పోయాక మస్కట్ తిరిగి వెళ్ళకుండా కూతురి దగ్గరే ఉండిపోయిన బావ పేజీ చదివి, తిరుపతికి ఫోన్ చేసి, అందరికీ వినబడేలా పెట్టాడు. "నీ రక్తం ఏ గ్రూపురా?" అని అడిగాడు. "బి పాజిటివ్ అన్నా. మెడికల్ కాయితంల ఉన్నది. నా పేరు రాయొద్దన్న, గంతే. గిట్లయితదని నాకేం తెలుసే అన్నా" అని ఏడ్చాడు. బావ ఫోన్ పెట్టేశాడు. తమ్ముడితో ఆయన ఇప్పటికీ మాట్లాడడు.

నా రక్తం నా అక్కను చంపలేదు. నాలుగు నెలలు వెతికింది దొరికింది. నేను శ్రావణి వైపు చూశాను. ఆమె ఇంకా ఆ ఫారాలు చదువుతోంది. నేనెప్పుడూ అంత శ్రద్ధగా చదవలేదు.

"రెండిటి మీద నీ సంతకమే ఉన్నది మామా."

"నాదే."

"సదువకుండనే పెట్టినవా?"

ఆమె ఫారాలు మడిచి నాకిచ్చింది. వార్డులో జరిగింది అప్పుడు చెప్పింది. ఇది కూడా వినికిడే. అక్క పక్కన ఆ సమయంలో ఉన్నది ఆమె ఒక్కతే. మూత్రం సంచి ఎర్రబడటం చూసి, వణుకుతూనే, అక్క ఇలా అన్నదట: "ఇది ఎవరెవరి చేతుల మీదికెల్లి వచ్చిందో, ఆ చేతులన్ని పడిపోను."

'ఎవరెవరి' అన్న మాటను నేను రెండుసార్లు చెప్పించుకున్నాను. శ్రావణి రెండుసార్లూ అలాగే చెప్పింది.

పేజీ, ఫారాలు, నా వాంగ్మూలం ఇప్పుడు విచారణ అధికారి దగ్గర ఉన్నాయి. రక్తనిధికి తాళం పడింది. నేను కోరుకున్నది జరుగుతోంది. పేజీ ఇచ్చేస్తే తన చెయ్యి బాగవుతుందని సదానందం ఆశపడ్డాడు. నెల తర్వాత ఫోన్ చేసి, అవే గడ్డలు, అదే పసుపు చుక్క అని చెప్పాడు. మిగతా పనులన్నింటికీ ఆ చేతులు బాగానే పనికొస్తున్నాయట. నాట్లు వేస్తున్నాడు. గాజుపలక మీద నేను చూసినదానికి కారణం నాకు తెలియదు. ఎవరైనా చెబితే వింటాను, నోటుపుస్తకం చూపిస్తాను.

అయితే జవాబు తెలియని ప్రశ్న నా వరకు ఒక్కటే. ఆ అరుగు మీద నా చేతిలో ఓ వచ్చిన మాట నిజమే. కానీ అప్పటికి ఆ రెండో ఫారం నేను చూడలేదు, ఆ చేతుల్లో నావీ ఉన్నాయని నాకు తెలియదు. ఇప్పుడు కలిపితే ఏమొస్తుంది?

దీనికి ఎవరినీ అడగనక్కర లేదు, ఏ కాగితమూ వెతకనక్కర లేదు. రెండు నిమిషాల పని. కళాశాల ఫ్రిజ్‌లో మందులున్నాయి, సూదులున్నాయి. ఈ ఏడు రక్తపు గ్రూపుల ప్రయోగం వచ్చినప్పుడు, మణికట్టు నొప్పి అని చెప్పి ఇంకో అధ్యాపకుడి చేత చేయించాను. నేను గది బయట నిలబడ్డాను. లోపల పిల్లలు ఒకరి తర్వాత ఒకరు తమ గ్రూపు గట్టిగా చెబుతున్నారు. ఎ, ఓ, బి, ఏబి, ఓ. అన్ని రకాలూ వస్తున్నాయి.

నా మణికట్టుకు ఏ నొప్పీ లేదు.